ఉంగరము తెరకెక్కిన వైనము

2004వ సంవత్సరము ఫిబ్రవరి 29వ తేదీ రాత్రి లాస్ ఏంజెలెస్ నగరమున ఆస్కార్ బహుమతుల డెబ్బదియాఱవ ప్రదానోత్సవము జరుగుచుండగా, లకోటా విప్పినప్పుడెల్ల ఒకే చిత్రము పేరు వినవచ్చుచుండెను: వస్త్రాలంకరణమునకు అదియే, ముఖాలంకరణమునకు అదియే, సంగీతమునకు అదియే, కూర్పునకు అదియే. వేదిక నెక్కినవారు వరుసగా న్యూజిలండు దేశస్థులకు కృతజ్ఞతలు చెప్పుచుండుట చూచి, ఆ దేశములో ఇక కృతజ్ఞత చెప్పించుకొనవలసినవాడెవ్వడును మిగులలేదని సభానిర్వాహకుడైన బిల్లీ క్రిస్టల్ పరిహాసమాడెను. తుదకు స్టీవెన్ స్పీల్‌బర్గ్ ఉత్తమచిత్రపు లకోటాను విప్పి 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్: ది రిటర్న్ ఆఫ్ ది కింగ్' అని చదువుసరికి, పదునొకండు విభాగములలో పోటీకి నిలిచిన ఆ చిత్రము పదునొకండింటిని గెలిచి, 1959 నాటి 'బెన్ హర్'తోను 1997 నాటి 'టైటానిక్'తోను సమానస్థానము నొందెను. ఆ రెండును తాము పోటీచేసిన విభాగములలో కొన్నింటిని పోగొట్టుకొన్నవి. ఇది ఒక్కదానినైనను పోగొట్టుకొనలేదు.

ఆ రాత్రియే ఆ నగరమున మఱియొకచోట, ఆ చిత్రమునకు మూలమైన టోల్కీన్ గ్రంథమునకును, దానినుండి తీసిన మూడు చిత్రములకును వీరాభిమానులైనవారు తమంత తాము కూడబలుకుకొని యేర్పాటు చేసికొన్న విందునకు దర్శకుడు పీటర్ జాక్సనును ఆతని సహచరులును స్వర్ణప్రతిమలు చేతబట్టుకొని వచ్చి, వారి హర్షధ్వానముల నడుమ కొంతసేపు గడపిరి. విచిత్రమేమనగా, అట్లు చప్పట్లు చఱచినవారిలో పెక్కుమంది అంతకు మూడేండ్లనుండియు ఆ దర్శకుని తప్పులెన్నుచు పుటలకు పుటలు వ్రాయుచుండినవారే. ఫారమీరు నేల చెడగొట్టితివి, సామును మెట్లపైనుండి ఏల వెనుకకు పంపించితివి, షైరు సీమకు పట్టిన దుర్దశ నేల విడిచిపెట్టితివి అని నిలదీసినవారును వారే. ఒక్కొక్క చిత్రమును పలుమాఱులు చూచి సంభాషణలు కంఠస్థము చేసినవారును వారే. ఇరువది సంవత్సరములు దాటినను ఆ వాదము చల్లారలేదు. చల్లారకుండుటకు కారణము అభిమానుల మొండితనమని కొందఱందురు గాని, నా కట్లు తోపదు. ఒక మహాకథను ఒక కళనుండి మఱియొక కళకు తెచ్చునప్పుడు దేనిని విడువవచ్చును, దేనిని మార్పవచ్చును, దేనిని ముట్టరాదు అను ప్రశ్న ఆ వాదమున దాగియున్నది. బహుమతులును వసూళ్లును దానికి సమాధానము చెప్పజాలవు.

కథను చెప్పినవాడు వృత్తిచేత కథకుడు గాడు. జాన్ రోనాల్డ్ రూయెల్ టోల్కీన్ 1892లో దక్షిణాఫ్రికాయందలి బ్లూమ్‌ఫాంటీను పట్టణమున జన్మించి, పసితనముననే ఇంగ్లండు చేరి, 1916లో సొమ్ నదీతీరమున జరిగిన ఘోరయుద్ధమున పాల్గొని, అటుపిమ్మట ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున ప్రాచీనాంగ్లభాషకు ఆచార్యుడై, తాను కల్పించిన భాషలను మాటలాడు జాతులకు వాసస్థానముగా ఒక జగత్తును, ఆ జగత్తునకు వేలయేండ్ల చరిత్రను నిర్మించుకొన్న మహానుభావుడు. 1937లో పిల్లలకొఱకు వ్రాసిన 'ది హాబిట్' ఆదరము పొందగా, ప్రకాశకులు దానికి ఉత్తరకథను గోరిరి. ఆ ఉత్తరకథ పెరిగి పెరిగి, బాలసాహిత్యపు టెల్లలు దాటి, వేయిపుటలు మించి, 1954, 1955 సంవత్సరములలో మూడు సంపుటములుగ వెలువడెను. అది మూడు నవలలని లోకము భ్రమించును, ఒక్కటే నవల. కాగితపు ఖరీదునకును నష్టభయమునకును వెఱచి ప్రకాశకులు మూడు తునుకలు చేసిరి. 'రిటర్న్ ఆఫ్ ది కింగ్' అను మూడవ సంపుటపు పేరు, రాజు తిరిగివచ్చునన్న మర్మమును ముందుగనే బయటపెట్టునని గ్రంథకర్తకు రుచింపనే లేదు.

కథ సంగ్రహముగా నిది. ధరించినవానికి లోకాధిపత్యము నాశచూపి, తుదకు వానినే లోగొని చెఱచు నొక ఉంగరము, వీరాధివీరుల చేతబడక హాబిట్టులను మరుగుజ్జు జాతికి చెందిన ఫ్రోడో చేతబడినది; అతడు తోటమాలియైన సాముతో గూడి, ఆ యుంగరము ఏ యగ్నిపర్వతమున పుట్టినదో ఆ యగ్నిపర్వతముననే దానిని పడవైచి నశింపజేయుటకు శత్రుభూమిగుండ కాలినడకను పోవును. లోకమందలి సాహసకథలన్నియు దేనినో సాధించి తెచ్చుకొనుటకై జరుగు యాత్రలు; ఇది చేతనున్నదానిని విడిచిపెట్టుటకై జరుగు యాత్ర. గ్రంథముయొక్క ఆయువుపట్టు ఇచ్చటనే యున్నది.

1960 దాటినపిమ్మట అమెరికా విద్యార్థులు ఈ గ్రంథమును నెత్తికెత్తుకొని, ఫ్రోడో బ్రతికియే యున్నాడని వ్రాసిన బిళ్లలు చొక్కాలకు తగిలించుకొని తిరిగిరి. 1969లో ఇంగ్లండున టోల్కీన్ సంఘము వెలసినది. గ్రంథకర్త జన్మదినమైన జనవరి 3వ తేదీ రాత్రి లోకమున నెచ్చటెచ్చటనో యున్న సభ్యులు పానపాత్ర లెత్తి ఆయన పేరు తలచుకొందురు. చిత్రములు పుట్టుటకు మూడు పదులేండ్లకు పూర్వమే ఇంతటి పాఠకలోకము కాచుకొని యుండెనని ఎఱుగనిదే, ఆ పిమ్మట చెలరేగిన వాదముల తీవ్రత బోధపడదు.

చిత్రముగ తీయవలెనన్న ప్రయత్నము గ్రంథము వెలువడిన రెండుమూడేండ్లకే మొదలయ్యెను. అమెరికానుండి వచ్చిన యొక చిత్రకథాప్రణాళికను చదివి 1958లో టోల్కీన్ వ్రాసిన సుదీర్ఘలేఖ ఆయన లేఖాసంపుటమున అచ్చుపడి యున్నది. అభిమానుల వాదములకు అది ధర్మశాస్త్రము వంటిది. అతిశయమును, అక్కఱలేనిదానిని చొప్పించుటయు అనుసరణములను చెఱచుననియు, ఆ రెండును మూలముయొక్క మర్మస్థానము గ్రహింపలేకపోవుటవలననే కలుగుననియు ఆయన మతము. మహాగ్రద్దలను వేళగాని వేళ వాహనములుగా వాడుకొనుటను ఆయన సహింపలేదు. అయినను, విడిచిపెట్టుట కాయన వెఱచినవాడు గాడు. వనవాసియైన టామ్ బొంబడిలు ఇల్లాలు గోల్డ్‌బెరి నిరర్థకముగ కనబడుటకంటె కనబడకుండుటయే మేలనియు, వృక్షరూపులైన ఎంటుల కథకును హార్న్‌బర్గు కోటయుద్ధమునకును చాలినంత చోటు దొరకనియెడల యుద్ధమునే తీసివేయవలెననియు ఆయన వ్రాసెను. నలువదినాలుగేండ్ల పిమ్మట ఆ కోటయుద్ధమే రెండవ చిత్రమునకు శిఖరమై కూర్చుండినది! సేనలు సేనలను డీకొను దృశ్యమును చూచుటకే టిక్కెట్టు కొన్నవాడు ఆ లేఖను చదివి నవ్వుకొనును; గ్రంథమును ప్రేమించినవాడు చదివి నిట్టూర్చును.

1969లో చలనచిత్ర స్వామ్యము యునైటెడ్ ఆర్టిస్ట్స్ సంస్థకు విక్రయింపబడి, 1976లో సాల్ జేంట్జ్ చేతికి మారెను. 1978లో రాల్ఫ్ బక్షీ చేసిన బొమ్మల చిత్రము సగము కథ చెప్పి ఆగిపోయినది. 1981లో బీబీసీ వారు రేడియోలో ప్రసారము చేసిన ధారావాహిక మాత్రము నేటికిని పాత అభిమానుల ఆదరమునకు పాత్రమై యున్నది. అందు ఫ్రోడోకు గళమిచ్చిన ఇయాన్ హోమ్, ఇరువదియేండ్లకు జాక్సన్ చిత్రమున ఫ్రోడోను పెంచిన వృద్ధుడైన బిల్బోగా కనబడుట, ఎఱిగినవారికి ఒక చిన్న పండుగ.

జాక్సన్ న్యూజిలండువాడు, చిన్న పెట్టుబడితో రక్తబీభత్సముగల హాస్యచిత్రములు తీసి పేరు తెచ్చుకొనినవాడు, 1994 నాటి 'హెవెన్లీ క్రీచర్స్'తో పెద్దమనుషుల దృష్టిలో పడినవాడు. అతడును, అతని జీవనసహచరి ఫ్రాన్ వాల్షును మొదట మిరామాక్స్ సంస్థతో రెండు చిత్రములుగ తీయుటకు మాట్లాడుకొనగా, ఖర్చు లెక్కలు చూచి బెదరిన ఆ సంస్థ మొత్తము కథను ఒక్క చిత్రములో కుదింపుమనెను. కుదింప మనసొప్పక వేఱు సంస్థల గడపలు త్రొక్కిన జాక్సనుతో, న్యూ లైన్ అధిపతి రాబర్ట్ షే, సంపుటములు మూడుండగా చిత్రములు రెండేల, మూడు తీయరాదా యని యడిగెను. చిత్రకథారచనయందు చేయిగలిపిన ఫిలిప్పా బోయెన్స్ ఆ గ్రంథమును చిరకాలముగ ఆరాధించినది. తరువాతి వాదములలో నిందలు మోసినవారిలోను, సమాధానములు చెప్పినవారిలోను ఆమెయే ముందుండెను.

మూడు చిత్రములను ఒక్క పట్టున, 1999 అక్టోబరునుండి 2000 డిసెంబరువరకు, 274 దినములు చిత్రీకరించిరి. మటామటా యొద్ద గొఱ్ఱెలు మేయు బీడున హాబిట్టుల పల్లె వెలసినది. అచ్చటికి బాటలు వేయుటకు ఆ దేశపు సైన్యము తోడ్పడినది. గ్రంథమునకు ఏండ్లతరబడి చిత్తరువులు వ్రాసిన ఆలన్ లీ, జాన్ హౌ అను చిత్రకారుల నిరువురను రప్పించి, కోటలకును వనములకును వారిచేతనే రూపకల్పన చేయించుట జాక్సన్ చేసిన పనులలో అత్యంత వివేకవంతమైనదని నా యభిప్రాయము. పాఠకుల మనోనేత్రమునకు అప్పటికే అలవడిన రూపములే తెరపై వెలసినవి. వేటా కర్మశాలలో పనివారు ఇనుమువలె కానవచ్చు ప్లాస్టిక్ వలయములను కోటికి మించి చేతితో కోర్చి కవచము లల్లిరి. రెండవ చిత్రమున రాక్షససేన ముక్తకంఠమున చేయు రణఘోష ఎవరిదో తెలిసినచో మన క్రికెట్టు ప్రియులు ముచ్చటపడుదురు: 2002 ఫిబ్రవరిలో వెల్లింగ్టను క్రీడాంగణమున న్యూజిలండు ఇంగ్లండు జట్లు ఆడుచుండగా, విరామసమయమున జాక్సన్ మైదానమునకు వచ్చి, ఇరువదియైదువేల ప్రేక్షకులచేత ఆ రాక్షసభాషను పలికించి శబ్దగ్రహణము చేసికొనెను.

మూలమును మార్చుట తగునా తగదా యను విచారము మన సాహిత్యమునకు క్రొత్తది గాదు. అచ్చటను ఒక ఉంగరమే యున్నది. మహాభారతమందలి శకుంతలోపాఖ్యానమున దుర్వాసుని శాపమును లేదు, ముద్రికయును లేదు. దుష్యంతుడు లోకాపవాదమునకు వెఱచి, ఎఱిగియు నెఱుగనట్లు పలికెను. కాళిదాసు శాపమును కల్పించి, ఉంగరమును కల్పించి, దానిని చేప కడుపున దాచి, నాయకుని దోషమునుండి తప్పించి, శృంగారకరుణములకు హృదయమున చోటిచ్చెను. తొమ్మిదవ శతాబ్దమున కాశ్మీరమందలి ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకమున ఇట్టి కల్పనలకు శాస్త్రసమ్మతి నొసగెను. ఇతివృత్తమును ఉన్నదున్నట్లు ఒప్పజెప్పుట కవికి ప్రయోజనము గాదు, ఆ పనిని ఇతిహాసమే చేయును; రసమున కనుకూలింపని ఘట్టము తగిలినప్పుడు దానిని త్రోసివైచి రసోచితమైన వేఱొక కథను కల్పించుకొనవలెనని ఆయన సిద్ధాంతము. ఆక్స్‌ఫర్డు ఆచార్యుడు మూలపు మర్మస్థానమని చెప్పినదియు, కాశ్మీరపు ఆలంకారికుడు రసమని చెప్పినదియు మిక్కిలి దూరపు మాటలు గావు.

తెలుగు ప్రేక్షకుడు ఈ సూత్రమును శాస్త్రము చదువకయే ఎఱుగును. 1957లో కె.వి.రెడ్డి దర్శకత్వమున వచ్చిన 'మాయాబజార్'నందలి శశిరేఖ వ్యాసభారతమున లేదు. లేదని ఎవ్వరును టిక్కెట్టు సొమ్ము తిరిగి యడుగలేదు. ఏలయనగా ఆ కల్పితకథలో గూడ కృష్ణుడు కృష్ణునివలెనే నవ్వును, బలరాముడు బలరామునివలెనే అలుగును. అదే కృష్ణుని దీనునిగనో, బలరాముని కుటిలునిగనో చూపియుండినచో, కథ అక్షరాల భారతమందలిదే యైనను ప్రేక్షకుడు లేచిపోయి యుండును. ఘట్టము పోయినను ఓర్చుకొందుము. స్వభావము పోయిన నోర్చుకొనము.

ఈ కొలతతో చూచినచో అభిమానుల యభియోగములలో సగము తేలిపోవును. టామ్ బొంబడిలు లేడన్నది మొదటినుండియు వినవచ్చు ఫిర్యాదు. పాటలు పాడుచు వనమున తిరుగు ఆ యానందమూర్తి గ్రంథమున మనోహరుడే. కాని ఉంగరము వానిపై పనిచేయదు, వాడు ఉంగరముపై పనిచేయడు. మూడుగంటల చిత్రమున ఉంగరపు భయము పాదుకొనకమునుపే దానిని బొమ్మవలె ఆడించువానిని ప్రవేశపెట్టుట రసభంగమే యగును. నదిదాటు ఘట్టమున గ్లోర్‌ఫిండెలు అను ఎల్ఫు వీరునికి మారుగా రాజు కాబోవువాని ప్రణయినియైన ఆర్వెను అను ఎల్ఫు కన్యను గుఱ్ఱమెక్కించుటయు నట్టిదే. గ్రంథమున అనుబంధములలో దాగిన ప్రణయినికి ఒక పని దొరకినది, కథకు చెఱుపు లేదు. అయితే ఆమెను రెండవ చిత్రమున కోటయుద్ధములో కత్తిపట్టించి పోరాడించిరని వార్త పొక్కినప్పుడు అభిమానులు చేసిన గగ్గోలు ఇంతంత కాదు. చిత్రీకరించిన ఆ దృశ్యములు తుదికూర్పున కనబడలేదు. ఆ యుద్ధమునకు ఎల్ఫు విలుకాండ్ర దండు వచ్చుట గ్రంథమున లేదు; క్షీణించుచున్న ఒక ప్రాచీనజాతి మానవులతో కలసి చచ్చుటకు వచ్చినదన్న భావము గ్రంథధ్వనికి విరుద్ధము గాదు గనుక దానిని నేను సంతోషముతోనే చూచెదను.

ఫారమీరు సంగతి యట్లు గాదు. గ్రంథమున ఈ రాజప్రతినిధి పుత్రుడు ఉంగరము తన చేతికందునంత చేరువకు వచ్చినప్పుడు దానిని గోరక, ఫ్రోడోను సగౌరవముగ సాగనంపును. అధికారమును నిరాకరింపగల మానవుడు లోకమున నింకను గలడని పాఠకునికి ఊరట కలుగునది అచ్చటనే. చిత్రమున అతడు ఫ్రోడోను బందీ చేసి, ఉంగరమును తండ్రికి కానుకగ పంపదలచి, శిథిలమైన ఆస్గిలియాతు నగరమువరకు ఈడ్చుకొనిపోయి, అచ్చట మనసు మార్చుకొనును. బోయెన్స్ చెప్పిన సమాధానమును తేలికగ తోసివేయరాదు: ఉంగరము ప్రతివానిని లోబఱచుకొనునని రెండు చిత్రములనుండి చెప్పుచువచ్చి, ఒకడు మాత్రము దానిని చూచి చలింపలేదనినచో తెరపై ఉంగరపు బలము హఠాత్తుగ సడలిపోవును, పైగా సాలీడు రక్కసి ఘట్టమును మూడవ చిత్రమునకు జరిపినందున, రెండవదానిలో ఫ్రోడోకు అడ్డు తగులువాడొకడు కావలసివచ్చెను. నాటకనిర్మాణదృష్టితో ఇది యుక్తమే. కాని బొరొమీరు అను అన్న లొంగిపోయినచోట తమ్ముడు నిలిచెనన్న భేదముకొఱకే టోల్కీన్ ఈ పాత్రను పుట్టించెను. ఆ భేదమును చెఱిపి, పిమ్మట చివరినిమిషమున అతికించుట మందబుద్ధి ప్రేక్షకుని భయముతో చేసిన పని. విస్తృతప్రతిలో తండ్రికొడుకుల దృశ్యమొకటి చేర్చి జాక్సన్ కొంత మరమ్మతు చేసెను. అంతమాత్రమున అభియోగము కొట్టివేయబడలేదు.

అగ్నిపర్వతపు గుహలో జరిగినది మఱింత గంభీరమైనది. గ్రంథమున ఫ్రోడో తుదిక్షణమున ఓడిపోయి ఉంగరమును తనదేయని ధరించును. ఒకప్పుడు ఆ యుంగరమును కలిగియుండి దానిచే చెఱుపబడిన గొల్లమ్ వాని వ్రేలు కొఱికి ఉంగరమును చేజిక్కించుకొని, పట్టరాని యానందముతో గంతులువేయుచు, కాలుజాఱి అగ్నిలో పడును. ఎవ్వరును త్రోయలేదు. చంపదగినవానిని జాలిపడి చంపక విడిచినందున, ఆ జాలియే తుదకు లోకమును రక్షించినది. టోల్కీన్ ధర్మదృష్టి యంతయు ఈ యొక్క పాదస్ఖలనమున నిమిడియున్నది. చిత్రబృందము మొదట ఫ్రోడో గొల్లమును త్రోసినట్లే చిత్రీకరించి, అది హత్యవలె తోచుటచేత, వారిరువురును పెనగులాడి అంచునుండి జాఱినట్లు మఱల తీసిరి. విచారకరమేమనగా, మొదటి చిత్రమున మోరియా గుహలలో మాంత్రికుడైన గాండాల్ఫు ఫ్రోడోకు చేయు దయాప్రబోధమును ఎంతయో శ్రద్ధతో నిలిపినవారు వీరే; విత్తును నాటి, నీరుపోసి, ఫలము కోయువేళకు మఱచిరి. సామును ఫ్రోడో మెట్లపైనుండి ఇంటికి పొమ్మనుటయు ఇట్టి దోషమే. ఆ సేవకుని భక్తిని అనుమానించు ఫ్రోడో గ్రంథమున లేడు.

మూడవ చిత్రము విడుదలకు ముందు మఱియొక రభస జరిగినది. దుష్టమాంత్రికుడైన సారుమాను మరణదృశ్యమును నిడివికొఱకు తొలగించిరని తెలిసి, ఆ పాత్ర ధరించిన క్రిస్టఫర్ లీ అలిగి ప్రథమప్రదర్శనమునకు రాలేదు. చిత్రబృందములో టోల్కీనును స్వయముగ చూచినవాడు, గ్రంథమును ఏటేటా చదువువాడు ఆయనయే గనుక అభిమానులు ఆయన పక్షము వహించిరి. ఆ దృశ్యము పిమ్మట విస్తృతప్రతిలో చేరినది; ఆ ప్రతి నాలుగుగంటలకు పైబడిన నిడివిగలది, దాని చివర అభిమానసంఘ సభ్యుల పేర్లు నిమిషములతరబడి తెరపై సాగిపోవును. 1958 నాటి లేఖలో టోల్కీన్ గ్రంథాంతమును తీసివేసినపిమ్మట సారుమానును చంపుటకు తగిన కారణము కానరాదని వ్రాసియున్నాడని ఆ రభసలో ఎందఱు తలచుకొనిరో!

ఇక విజయము మాట. మూడు చిత్రములకును కలిపి సుమారు ఇరువదియెనిమిదికోట్ల డాలర్లు ఖర్చుకాగా, వసూళ్లు మూడువందలకోట్ల డాలర్లకు కొంచెము తక్కువగా వచ్చినవి. మూడవదొక్కటియే, 'టైటానిక్' తరువాత, నూఱుకోట్ల డాలర్ల గీటుదాటిన రెండవ చిత్రమయ్యెను. ఆ ధనము పంచుకొనుటలో పుట్టిన వ్యాజ్యములు వేఱొక పురాణము: జాక్సన్ లెక్కలు చూపుమని 2005లో న్యూ లైనుపై దావావేసెను, టోల్కీన్ వారసులు తమ వాటాకొఱకు 2008లో వేసిరి, రెండును రాజీపడినవి. 2003 డిసెంబరు 1వ తేదీన వెల్లింగ్టనులో ప్రథమప్రదర్శన జరిగినప్పుడు లక్షకు పైగా జనము వీధులలో నిలిచిరి. నాడు నలువదిలక్షల జనసంఖ్యగల దేశమున అది ఎంతటి సమ్మర్దమో ఊహింపుడు. 2023లో 'నాటు నాటు' పాటకు అదే ఆస్కార్ వేదికపై బహుమతి వచ్చిననాడు మన యిండ్లలో పొంగిన సంతోషమును ఎఱిగినవారికి ఆ చిన్నదేశపు గర్వము వింతగొల్పదు.

అయినను ఆ పదునొకండు బహుమతులను యథాతథముగ లెక్కించుట పొరపాటు. అద్భుతకథలయెడ ఆస్కార్ పరిషత్తునకు చిరకాలమునుండి చిన్నచూపు కలదు. 1939 నాటి 'విజార్డ్ ఆఫ్ ఓజ్' మొదలు ఉత్తమచిత్రపు పీఠమునకు అట్టిదొక్కటియు అంతకు పూర్వము ఎక్కలేదు. మొదటి చిత్రమునకు పదుమూడు నామనిర్దేశములు వచ్చినను నాలుగు బహుమతులే దక్కినవి, ఉత్తమచిత్రముగ 'ఎ బ్యూటిఫుల్ మైండ్' నిలిచెను. రెండవదానికి ఆఱింటిలో రెండే, 'షికాగో' గెలిచెను. కథ ముగియువరకు వేచియుండి, మూడింటి బాకీని ఒక్కరాత్రి తీర్చివేసినట్లున్నది గాని, మూడవది మొదటిదానికంటె ఉత్తమమని నేను అంగీకరింపజాలను. కట్టుబాటునందును, ప్రకృతిశోభయందును, మూలముయొక్క మందగమనమును పట్టుకొనుటయందును మొదటి చిత్రమే మేలు. ఇంకొక విషయము గమనింపవలెను: ఆ పదునొకండింటిలో నటనకు ఒక్కటియు లేదు, నామనిర్దేశమే లేదు. మూడు చిత్రములకును కలిపి నటనకు లభించిన నామనిర్దేశము మొదటిదానిలో గాండాల్ఫు ధరించిన ఇయాన్ మెకెల్లెనుకు వచ్చినదొక్కటియే, అదియు బహుమతి గాలేదు. గొల్లమునకు తన దేహమును, గళమును, ముఖచేష్టలను అర్పించిన ఆండీ సెర్కిస్‌ను, బొమ్మ చేసినది యంత్రమనుకొనిన పరిషత్తు గుర్తింపనే లేదు. ఇది అన్యాయమని అభిమానులనిరి, వారి మాటయే నిజము. మఱి శుద్ధవాదులు అన్నింటికంటె తప్పుబట్టిన చిత్రకథకే అనుసృతరచనా బహుమతి వచ్చుట చూడ, బహుమతులు అనుసరణమునకు తూనిక గావని తేలుచున్నది.

గ్రంథకర్త కుమారుడును, ఆయన వ్రాతప్రతులను ఏండ్లకొలది పరిష్కరించి ప్రకటించినవాడునగు క్రిస్టఫర్ టోల్కీన్ 2012లో ఒక ఫ్రెంచి పత్రికతో మాటలాడుచు, చిత్రములు గ్రంథపు ప్రేగులు లాగివైచి పడుచువాండ్ర సాహసచిత్రముగ మార్చినవని వాపోయెను. పుత్రవాత్సల్యమునకు ఆ మాట తగును. కాని అది పూర్తిగ న్యాయము గాదు. షైరు పచ్చిక, మోరియా చీకటి, రోహను గాలి, ఇవి గ్రంథప్రాణమును ఎఱిగినవాడే చూపగలిగినవి. చిత్రములు చూచి గ్రంథమును కొన్న కొత్త పాఠకులకు లెక్కలేదు. నా దృష్టిలో జాక్సన్ దోషము యుద్ధములు పెంచుట గాదు, బొంబడిలును విడుచుట గాదు, ఫారమీరును వంచుట గూడ గాదు. జయించి యింటికి వచ్చిన నలుగురు హాబిట్టులకు తమ పల్లెయే పాడుపడి, చెట్లు నఱకబడి, తమవారే అధికారుల బంటులై కనబడు ఘట్టమును పూర్తిగ తీసివేయుటయే పెద్ద లోపము. చిత్రమున షైరు చెక్కుచెదరక, వారు బయలుదేరినప్పుడెట్లుండెనో తిరిగివచ్చునప్పటికి నట్లే యుండును; గలాడ్రియెలు దర్పణమున క్షణకాలము మెఱసిన మంటలు తప్ప ఆ కీడు జాడలేదు. తమ యూరిని తామే బాగుచేసికొనుట నేర్పుటకే అంతటి యాత్ర జరిగినదని గ్రంథము చెప్పును. యుద్ధము దూరదేశమున ముగిసినచో మన యిల్లు క్షేమమని చిత్రము చెప్పును. ఒక్కటి విడిచినందున అర్థమే తారుమారయిన చోటు ఇది. చివరి దృశ్యములు ఒకదానివెంట ఒకటి ముగియుచు ముగియకున్నవని హేళనచేసినవారు, ముగింపులు ఎక్కువైనవని కాక, అసలు ముగింపు లోపించినదని యనవలసినది.

కావున చిత్రములను మాత్రమే చూచి తృప్తిచెందిన పాఠకులకు నా మనవి యొక్కటి. గ్రంథముయొక్క ఆఱవ భాగమున ఎనిమిదవ అధ్యాయమును, వేయి పుటలు చదువ తీరికలేకున్నను, దానినొక్కదానిని తెఱచి చదువుడు. చదివి, మూడవ చిత్రమును మఱల చూచి, అటుపిమ్మట ఈ వాదమున మీకు నచ్చిన పక్షమున చేరుడు.